ఎర్ర టేపు, నీలం టేపు

ఇలా దగ్గరకు జరగండర్రా, చేతిలో పని కాస్త పక్కన పెట్టి వినండి. వదినా మరదళ్ళ పేచీ అంటే చీరల దగ్గరో వంటింట్లోనో వచ్చిందనుకుంటారు. వీళ్ళ పేచీ అరచేతిలో పట్టే, చెప్పిన పని చేసిపెట్టే ఎలక్ట్రానిక్ బోర్డుల దగ్గర వచ్చింది.

"అదీ ఒక బోర్డేనా వదినా? అగ్గిపెట్టెలో సగం లేదు!" అంది చిట్టి.

"సగమైతేనేం మరదలు పిల్లా, మొక్కకు దాహమేస్తే ఫోనుకు కబురు పంపుతుంది. నీ పలకంత బోర్డుకు ఆ విద్య వచ్చా?" అంది వదిన.

"నాది ఎన్నేళ్ళుగా పనిచేస్తోందో తెలుసా?"

"అందుకే అలిసిపోయినట్టుంది."

చిట్టి గడియారాల కొట్టులో రిపేర్లు చేస్తుంది. ఇంట్లో బెల్లు మోగకపోయినా, మిక్సీ తిరగకపోయినా పిలుపు తనకే. వెనక గదిలో కిటికీ పక్కన, టంకం మరకలు పడ్డ బల్ల చిన్నప్పటినుంచీ తనది. అన్నయ్య పెళ్ళయ్యాక ఆ బల్ల సగం వదిన సామానుతో నిండింది. లెక్కల టీచరు కదా, పుస్తకాలు తెచ్చుకుంటుందనుకుంటే వైర్లు తెచ్చుకుంది!

"ఆపండర్రా! నా గరిటె కూడా మీ వైర్ల కిందే దొరికింది," అంది అమ్మ. ఆవిడది మొక్కల నర్సరీ, పెరడంతా నారు ట్రేలే. "చెరో ట్రే టమాటా నారు తీసుకోండి. వారం రోజులు మీ బోర్డులే నీళ్ళు పెట్టాలి. ఎవరూ చేత్తో పొయ్యకూడదు. ఎవరి నారు నిలబడితే వాళ్ళ బోర్డే నర్సరీ అంతటికీ. ఆ బల్ల కూడా వాళ్ళదే."

బల్ల మాట వినగానే చిట్టి గబుక్కున ఒక ట్రే తన వైపు లాక్కుంది.

మట్టిలో గుచ్చిన పుల్లలు తడి చూసి బోర్డుకు చెబుతాయి. మట్టి ఆరితే బోర్డు చిన్న మోటరు తిప్పి నీళ్ళు వదులుతుంది. అంతే పని. కరెంటిచ్చే అడాప్టర్లు రెండూ వెనక గదిలో ఒకే చోట పెట్టి, వైర్లు కిటికీలోంచి పెరట్లోకి లాగారు. రెండూ ఒకేలా నల్లగా ఉంటే, కలిసిపోకుండా చిట్టే తనదానికి నీలం టేపు, వదినదానికి ఎర్ర టేపు చుట్టింది.

మొదటి రెండు రోజులూ చిట్టికి పరువు పోయినంత పనైంది. మోటరు తిరగబోయేసరికి తన బోర్డు లైటు ఆరిపోయేది. మళ్ళీ వెలిగేది, మళ్ళీ ఆరేది. నారుకు నాలుగు చుక్కలు కూడా దక్కేవి కావు. అక్కడ వదిన బోర్డు మాత్రం పూటకోసారి అమ్మ ఫోనుకు 'టింగ్' మంటూ 'తడి చాలు' అని కబురు పంపేది. అమ్మ ఆ ఫోను పట్టుకుని గోడ మీంచి పక్కింటావిడను పిలిచేది.

"చూశారా, మా కోడలి మొక్కలు నాతో మాట్లాడుతున్నాయి!"

'మిక్సీ ఎన్నిసార్లు బాగుచేశాను! ఒక్కసారైనా పక్కింటికి చెప్పిందా?' అని చిట్టి లోలోపల కుతకుతలాడిపోయింది.

మూడో రోజు సాయంత్రానికి తన బోర్డు దారిలో పడింది. ఇక ఆగితే ఒట్టు.

"ప్రోగ్రాంలో ఒక్క ముక్క మార్చాను, అంతే!" అని చిట్టి తల ఎగరేసింది.

వదిన నవ్వింది. ఆ నవ్వు చూసి చిట్టికి ఇంకా మండింది.

రెండు ట్రేలూ పోటాపోటీగా పచ్చగా నిలిచాయి. సమానమైతే బల్ల సగం సగమే కదా! ఏడో రోజు ఎండ పేల్చేస్తోంది. వదిన బడికి వెళ్ళింది. అమ్మ వీధి గదిలో మొక్కలు కొనేవాళ్ళతో ఉంది. కొట్టుకు సెలవు కావడంతో చిట్టి ఇంట్లోనే ఉంది. పన్నెండింటికి మెల్లగా వెనక గదిలోకి వెళ్ళి, ఎర్ర టేపు అడాప్టరును కొద్దిగా, దానంతటదే జారిందనిపించేంత, బయటికి లాగింది.

ఆ తర్వాత పెరటి వైపు తొంగి కూడా చూడలేదు. అమ్మ పక్కనే కూర్చుని మొక్కలకు సంచులు కట్టింది. మూడింటికి అమ్మ ఫోను 'టింగ్' మంది. చిట్టి చేతిలో సంచి జారిపోయింది.

"ఏమిటే, ఆ ఉలికిపాటు?"

"ఏం లేదమ్మా."

'పొద్దుటి కబురు ఇప్పుడొచ్చి ఉంటుందిలే' అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

సాయంత్రం వదిన రాగానే ముగ్గురూ పెరట్లోకి నడిచారు. ఒక ట్రేలో నారు నిటారుగా ఉంది. రెండో ట్రేలో నారంతా మెడలు వాల్చేసింది.

"అయ్యో వదినా, పాపం! బాధపడకు, కొత్త బోర్డులంటే అంతే," అంది చిట్టి దూరంనుంచే.

"దగ్గరికెళ్ళి చూడవే. వాడిపోయింది నీదే," అంది అమ్మ.

చిట్టి గబగబా వెళ్ళి ట్రే మీదికి వంగింది. వదిన పరుగున వెనక గదిలోకి వెళ్ళి వచ్చింది.

"ప్లగ్గు జారింది అత్తయ్యా. చిట్టి బోర్డు తప్పేం లేదు, పందెం మళ్ళీ పెట్టండి."

"జారడమేంటి? నీలం టేపుది గట్టిగానే ఉంది, మధ్యాహ్నం నేను చూశాగా!" అనేసింది చిట్టి.

అమ్మ చిట్టి వైపు తిరిగి చూసింది. వదిన మాత్రం వాలిన నారును వేలితో ఎత్తి పట్టుకుంటూ అంది:

"నీలంది కాదు, ఎర్రది. నీ అడాప్టరుకు బలం చాలక బోర్డు ఆగిపోతోంటే చూడలేక, మూడో రోజే ఇక్కడ ట్రేల దగ్గర వైర్లు మార్చి, నా ఎర్రదాన్ని నీ బోర్డుకు పెట్టేశాను. నా మోటరుకు వేరే బ్యాటరీలున్నాయి, నీ నీలంది నాకు సరిపోయింది. చెబితే ఒప్పుకోవు కదా, మరదలు పిల్లా!"

ఇదర్రా సంగతి. మరిచిపోకుండా మీ వాళ్ళకు చెప్పండి. చెప్పేటప్పుడు టేపుల రంగులు మాత్రం తారుమారు చెయ్యకండేం!