జోడీకో జత తొడుగులు

ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులో డారిల్‌కి జోడీగా వచ్చిన ఇంగ్రిడ్, కంప్యూటర్ ల్యాబులో కూర్చోగానే బల్ల మీద ఒక జత ఉన్ని చేతి తొడుగులు పడేసింది. కెనడాలోని ఆ విన్నిపెగ్ ఊరి చలికి వేసుకునేవి. బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ ఒకే సంచిలో దూరాలి.

"ముందే అనుకుందాం. ఒకరు టైపు చేస్తారు, రెండోవాళ్లు చూసి చెప్తారు. చెప్పేవాళ్లు ఇవి వేసుకోవాలి. కీబోర్డు లాక్కోకుండా."

డారిల్‌కి రోషం వచ్చింది. "నేను లాక్కునేవాడిలా కనిపిస్తున్నానా తల్లీ?"

"మొహం చూసి ఎవరు చెప్పగలరు బాబూ? పోయిన టర్ములో ఒక జోడీ ఇలాగే చెడింది. పాపం, అందులో ఉన్న అబ్బాయి క్లాసే మానేశాడు."

"లాక్కున్నవాళ్లకి బుద్ధుండక్కర్లేదూ?"

"తెలివైతే బోలెడుంది," అంటూ ఇంగ్రిడ్ తొడుగులు తనే వేసుకుంది. "సరే, మొదట నువ్వు కొట్టు."

డారిల్ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. రెండో వరుసలోనే బ్రాకెట్ మూయడం మరిచిపోయాడు. నోటిమాట కంటే ముందు ఉన్ని చెయ్యొకటి వచ్చి కీబోర్డు మీద పడింది. తెర నిండా పిచ్చి అక్షరాలు.

ఇంగ్రిడ్ మెల్లగా చెయ్యి తీసి ఒళ్లో దాచుకుంది.

"మరి? ఇవి నీకోసం తెచ్చాననుకున్నావా?"