తెగని తీగ

బెల్లు మోగింది. ఆమె స్టవ్ తగ్గించి పరుగెత్తింది.

"ఎంతసేపు నొక్కను? చెవులు అద్దెకిచ్చావా?" అంది మంచం మీంచి అత్తగారు. "దిండు సర్దు."

కాలు విరిగి అత్తగారు మంచం పట్టినప్పుడు, పిలవడానికి వీలుగా ఉంటుందని ఆ బెల్లు తెచ్చిపెట్టింది ఆమె భర్తే. కాలు అతుక్కుంది. బెల్లు మాత్రం అత్తగారి చేతిలోనే ఉండిపోయింది. ఫ్యాను తగ్గించాలన్నా బెల్లే. మామగారికీ అదే అలవాటైంది. "ఓసారి నొక్కవే, కాఫీ తెస్తుంది" అనేవారు.

ఆమె గడప దాటేది చెత్తబుట్ట బయట పెట్టడానికే. ఎదురింటావిడ అప్పుడే కనిపించి, "ఎప్పుడు చూసినా నవ్వుతూనే ఉంటావమ్మా" అనేది. ఆమె నవ్వి లోపలికి వచ్చేసేది.

భర్త ల్యాబులో సూపర్ కండక్టర్ తీగల్ని పరీక్షిస్తాడు. గడ్డకట్టించే చలిలో ఉంచితే ఆ తీగ ఏమాత్రం అడ్డు చెప్పకుండా బోలెడు కరెంటు మోస్తుంది. దాన్ని రెండు కొసలా పట్టి లాగుతూ, ఎంత లాగితే ఎంత మోయగలదో చూడటం అతని ఉద్యోగం. ఇంట్లో నోరు విప్పినా అదే భాష. కుళాయి కారినా, కుర్చీ కాలు ఊగినా తీగతోనే పోలిక.

"నన్ను కాదు, ఆ తీగని కట్టుకోవాల్సింది మీరు" అంది ఒకసారి.

"అదైతే ఎదురు మాట్లాడదు" అన్నాడతను పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ సాయంత్రం అతను పెరట్లో ఫోన్ మాట్లాడుతున్నాడు. ఆమె గిన్నెలు తోముతోంది. కిటికీలోంచి మాటలు వినపడుతున్నాయి.

"పైకి ఏమీ తెలియదండి. మోస్తూనే ఉంటుంది. కానీ మునుపటిలా మోయలేకపోతోంది... తెగదండీ, అదే చిక్కు. తెగితే అందరికీ తెలుస్తుంది. ఇది లోపల్లోపల పగులుతుంది."

మామూలుగా మాటకోసారి 'సార్' అంటాడు. ఇవాళ ఒక్కసారీ అనలేదు. ల్యాబులోకి ఎవరో కొత్తవారు వచ్చారు కాబోలు అనుకుంది.

బెల్లు మోగింది. వెళ్లి, అత్తగారికి మంచినీళ్లిచ్చి వచ్చింది.

"...తప్పు లాగినవాళ్లదే. అందులో నేనూ ఉన్నాను. లేదు లేదు, హద్దు ఇంకా దాటలేదు. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. ఇలాగే ఉంచితే ఇక ఎప్పటికీ రాదు. రేపు పొద్దున్న బండి తీసుకుని వచ్చేయండి. నేను సిద్ధంగా ఉంచుతాను."

తీగకి పట్టిన అదృష్టం, అనుకుంటూ ఆమె మాడిన గిన్నె అందుకుంది.

మర్నాడు అతను ల్యాబుకి వెళ్లలేదు. పొద్దున్నుంచి బెల్లు కూడా మోగలేదు. బ్యాటరీ అయిపోయిందేమో అనుకుంది.

ఇంతలో మోగింది. ఆమె అలవాటుగా అత్తగారి గదిలోకి పరుగెత్తింది. అత్తగారు ముఖం గోడవైపు తిప్పుకుని ఉంది. పక్కనే కుర్చీలో భర్త. బెల్లు అతని చేతిలో ఉంది.

"మోగింది ఇది కాదు, వీధి తలుపుది" అన్నాడు. "వెళ్లి తియ్యి."

"మీ తీగ కోసం వచ్చినట్టున్నారు. ఎక్కడ పెట్టారు?"

అతను వీధి తలుపువైపు చెయ్యి చూపించాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వెళ్లి తలుపు తీసింది.

గుమ్మంలో ఆమె అన్నయ్య, కారు తాళం వేలికి తిప్పుకుంటూ, "నీ పెట్టె ఏదమ్మా, సర్ది సిద్ధంగా ఉంచుతానని నిన్న ఫోన్లో బావగారు చెప్పారే?" అన్నాడు.