మూడో బొమ్మ

తడ దగ్గర కంపెనీలో వారమంతా నైట్ షిఫ్టు చేసి, ఆదివారం తోటి పనివాళ్లతో తూపిలిపాళెం బీచ్‌కి వచ్చింది కామాక్షి. అందరూ నీళ్లలోకి దిగారు. ఆమె మాత్రం బొగ్గుతో మనుషుల బొమ్మలు గీసే ముసలి పోలేరయ్య ముందు కూర్చుంది.

గీస్తుండగానే నిద్ర పట్టేసింది.

లేచేసరికి మధ్యాహ్నం దాటింది. పోలేరయ్య తన గొడుగు ఆమె మీదికి వంచి, తను ఎండలో ఉన్నాడు.

బొమ్మలో కళ్లు మూసుకున్న ముఖం, పెదవుల మీద చిన్న నవ్వు.

“ఈ నవ్వు నాది కాదు తాతా. అందం కోసం పెట్టినావా?”

“నువ్వు మేలుకొని ఉన్నప్పుడు గీసినదాంట్లో లేదమ్మా. అది చించేసినా. ఇది నిద్రపొయ్యినాక గీసినా, ఉన్నది ఉన్నట్టే.”

బస్సుకు టైమైందని తోటివాళ్లు పిలిచారు.

“ఇంకోటి గీయి తాతా,” అని కామాక్షి మళ్లీ కళ్లు మూసుకుంది.