నాలుగు కన్నాల ధైర్యం

“టీవీలో సూసుకుంటా కోస్తారంట. మద్దిలో కరెంటు పోతే నా గతేటి?”

సూసన్న మంచం మీద కూర్చుని భర్తను నిలదీసింది. డీజిల్ షెడ్డులో ఫిట్టరుగా పనిచేసే తీతు ఇంజన్ల గురించి ఏం అడిగినా చెప్పగలడు. దీనికి మాత్రం కిటికీలోంచి కింద ఇందా బజారు వీధిలోని కరెంటు తీగల వైపు చూశాడు.

“జనరేటరు ఉందిలే అమ్మాయ్. నేను ముందే అడిగి తెలుసుకున్నాను,” అంది పక్క మంచం మీది సరోజాదేవి.

ఆవిడ రైల్వే కాలనీ తెలుగు బడిలో టీచరు. సూసన్నకు లాగే ఆవిడకూ లివరు మీద నీటిగడ్డ. ఆ నర్సింగ్‌హోమ్‌లో సూసన్న కంటే ముందు నుంచే ఉంది.

సోమ, గురువారాల్లో కలకత్తా నుంచి వచ్చే డాక్టరు పొద్దున్నే సూసన్నకు రెండు దారులూ చెప్పి వెళ్లాడు. ఒకటి, పక్కటెముకల కింద జానెడు కోత పెట్టి, పొట్ట తెరిచి చేసేది. రెండోది ఈమధ్య వచ్చిన పద్ధతి. నాలుగు చిన్న కన్నాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ గడ్డ తీస్తారు. సూసన్న గడ్డ పైపైనే ఉంది కనుక కన్నాలు సరిపోతాయి. లోపల రక్తం ఆగకపోతే మాత్రం కోత తప్పదు. సోమవారం మళ్లీ వస్తాను, ఈలోగా తేల్చుకోండి అన్నాడు. తేల్చుకోలేకే సూసన్న ఇదివరకు ఒకసారి ఇంటికి వెళ్లిపోయింది. ఈలోగా గడ్డ పెరిగి, నాలుగు ముద్దలు కూడా తిననివ్వడం లేదు.

“కోతే నయం. కళ్లారా సూసి కోస్తారు గదా,” అంది సూసన్న.

“అలా తిరిగి అప్పలనర్సమ్మను చూసి ఆ మాట అను,” అంది సరోజాదేవి.

మూడో మంచం అప్పలనర్సమ్మది. ఆమె గడ్డ లివరు వెనకాల దాక్కుంది. పొట్ట తెరవక తప్పలేదు. వారం దాటినా లేచి కూర్చోవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. దగ్గు వస్తే తలగడను పొట్టకు అదుముకుని మరీ దగ్గుతుంది.

“నా గడ్డ సోటు అలాటిది. పేణం నిలిసింది, నాకదే సాలు,” అంది అప్పలనర్సమ్మ. “నీకు వీలున్నప్పుడు ఎందుకమ్మా ఈ బాద?”

“ఇప్పుడు నన్ను చూడు.” సరోజాదేవి మంచం దిగింది. “నీలాంటి గడ్డే. ఆ డాక్టరే. ఆ నాలుగు కన్నాల పద్ధతే.” వంగి, మంచం కిందికి జారిన చెప్పు తీసి తొడుక్కుంది. గుమ్మం దాకా చకచకా నడిచి వెనక్కి వచ్చింది. “ఎక్కడైనా మూలిగానా?”

“నొప్పి లేదేటండి టీచరుగారూ?”

“కన్నాల నొప్పా? పిసరంతైనా లేదు.”

అప్పలనర్సమ్మ ఫక్కున నవ్వి, వెంటనే తలగడ అందుకుంది. “నవ్వించకండి టీచరమ్మా, కుట్లు లాగేస్తన్నాయి.”

సరోజాదేవి ఫ్లాస్కులో టీ వేడివేడిగా తాగి కప్పు పెట్టిందో లేదో సిస్టర్ వచ్చి ఆవిడ నోట్లో థర్మామీటరు పెట్టింది. తీసి చూసి, ఇవాళా జ్వరమేనని పెదవి విరిచింది. “ఆజ్ భీ బుఖార్, దీదీ?”

సిస్టర్ వెళ్లాక సూసన్న మెల్లగా అడిగింది. “ఇది సేయించుకుంటే జొరం వస్తాదేటండి?”

“అది నా ఒంటి తత్వం. నీకు రాదు.”

ఆ సాయంత్రం ప్రార్థన చేసుకుని, సూసన్న కన్నాలకే ఒప్పుకుంది.

సోమవారం ఆమెను లోపలికి తీసుకెళ్లారు. కాసేపటికి కరెంటు పోనే పోయింది. జనరేటరు గుర్రుమని అందుకునేదాకా వరండాలో తీతు ఊపిరి పీల్చలేదు. డాక్టరు మాస్కు దించుకుని నవ్వుతూ బయటికి వచ్చాకే తీతు పక్కనున్న బల్ల మీద కూర్చున్నాడు.

సూసన్నకు తెలివి వచ్చాక తడుముకుంటే పొట్ట మీద నాలుగు చిన్న పట్టీలు తగిలాయి. వాటికంటే కుడి భుజం ఎక్కువ సలుపుతోంది.

“ఈ బుజం నొప్పి సంగతి సెప్పలేదేటండి టీచరుగారూ?”

“భుజమా?” సరోజాదేవి లేచి కూర్చుంది. “పొట్టకు చేస్తే భుజం ఎందుకు నొప్పెడుతుంది?”

పొట్ట ఉబ్బేలా లోపలికి గ్యాసు పంపుతారని, అందులో కాస్త మిగిలి అలా సలుపుతుందని, రెండు రోజుల్లో పోతుందని సిస్టర్ చెప్పింది. ఆ తర్వాత సరోజాదేవి సూసన్న మంచం వదల్లేదు. నీళ్లు ఎప్పుడు ఇచ్చారు, లేచి నిలబడితే కళ్లు తిరిగాయా, నవ్వితే లాగుతోందా అని అడుగుతూనే ఉంది.

“నా తోడబుట్టింది కూడా ఇంతలా అడగదు,” అంది సూసన్న భర్తతో.

గురువారం పొద్దున సూసన్న ఎవరి సాయమూ లేకుండా వరండా చివరిదాకా నడిచి వచ్చింది. అప్పలనర్సమ్మ కూడా ఒక్కరి చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసింది. ఇంటికి వెళ్లడానికి ఆటో తెచ్చిన తీతు, అందరికీ మట్టి ముంతల్లో టీ పట్టుకొచ్చాడు.

“నాకొద్దు నాయనా. ఇవాళ మంచినీళ్లు కూడా ముట్టకూడదు,” అంది సరోజాదేవి.

ఏకాదశేమో అనుకున్నాడు తీతు. ఆవిడకు రెండు చేతులూ జోడించాడు. “మీరు దైర్నం సెప్పకపోతే ఇది ఒప్పుకునీది కాదండి. మా దేవుడే మిమ్మల్ని పక్క మంచంలో ఉంచినాడు.”

ఫ్యాను కిందే ఉన్నా సరోజాదేవి నుదుటి చెమట తుడుచుకుంది. ఇంతలో ఇద్దరు మనుషులు స్ట్రెచరు తోసుకుంటూ వచ్చారు. సూసన్న పక్కకు జరిగి దారిచ్చింది. సరోజాదేవి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“ఆటోను కాసేపు ఆగమంటావా సూసన్నా? చాలా భయంగా ఉంది.”

“మీకు బయమేటండి టీచరుగారూ?”

“ఇవాళే నా ఆపరేషన్.”