ఇర్రివోకబుల్ అంటే

"ఇర్రివోకబుల్ అంటే అర్థమైందా అమ్మా?" దత్తత కాగితం చదివీ చదివీ నోరు నొప్పెట్టిన ప్లీడరమ్మ అడిగింది.

"అయిందండీ," అంది బిడ్డను అన్నావదినలకు ఇస్తున్న తల్లి.

"ఊరికే తలూపితే చాలదు. సంతకం పెట్టేవాళ్లు సొంత మాటల్లో చెప్పాలి. అది నా పద్ధతి."

"ఇచ్చాక మళ్లీ అడగకూడదు."

"అడిగినా చెల్లదు. ఏడ్చినా, మనసు మారినా అంతే." ఎందరికి చెప్పిందో, ఆ మాటలు వాటంతటవే వచ్చేశాయి. "ఏదీ, మళ్లీ చెప్పమ్మా."

బెంచీ మీద పడుకోబెట్టిన పసివాడు కేరుమన్నాడు. తల్లి చేతులు గబుక్కున ముందుకెళ్లి, మధ్యలోనే ఆగిపోయాయి. ఆమె పక్కకు తిరిగింది.

"వదినా, నీ కొడుకు ఏడుస్తున్నాడు."

ప్లీడరమ్మ ఇక అడగలేదు. పెన్ను అందించడానికి మాత్రం ఆవిడకి చెయ్యి రాలేదు.