జానెడు తాడు

"జానెడు కలుపు, ఆర్డిత్. హ్యాండిల్ దగ్గర కలిపితే ఎవరి కంటా పడదు," అన్నాడు వెండెల్, కౌంటరు మీదికి వంగి.

ఆర్డిత్ అల్లుతున్న తాడు కింద పెట్టింది. ఫ్లోరిడా నడిమధ్య, చుట్టూ సరస్సులున్న ఆ ఊళ్ళో, నీళ్ళ మీద స్కీ చేసేవాళ్ళకి మనిషిని బట్టి తాడూ హ్యాండిలూ తయారు చేసి ఇచ్చేది ఆమె ఒక్కతే. రంగు మార్చమనేవాళ్ళు, పేరు కుట్టి ఇమ్మనేవాళ్ళు రోజూ వస్తారు. కొలత మార్చమనేవాళ్ళు బహు తక్కువ.

ఎందుకని అడిగింది. సోమవారం లేబర్ డేకి రాయ్స్ వస్తున్నాడని చెప్పాడు వెండెల్. ఆ ఒక్క మాటతో ఆమెకు అంతా అర్థమైంది.

రాయ్స్ అతని బావమరిది. ఏటా ఆ సెలవుకి జార్జియా నుంచి వస్తాడు. ఇద్దరూ వెండెల్ ఇంటి ముందున్న సరస్సులో, ఎవరి తాడు వాళ్ళు కట్టుకుని పోటీ పడతారు. పడవ తిన్నగా పోతూ ఉంటే, వెనక తాడు పట్టుకున్నవాడు అటు మూడు, ఇటు మూడు, నీళ్ళలో తేలే ఆరు బంతులను చుట్టి రావాలి. ఆరూ చుట్టి వస్తే తాడులో ఒక రంగు ముక్క తగ్గిస్తారు. బంతులు ఉన్నచోటే ఉంటాయి, తాడు మాత్రం పొట్టిదవుతూ, బంతి అందడం కష్టమవుతూ పోతుంది. పసుపు, ఆకుపచ్చ, ఆపైన నీలం. వెండెల్ ఆకుపచ్చ దాటి ఆరేళ్ళయింది. నీలం దగ్గర అలాగే నిలబడిపోయాడు. బయటి పోటీల్లో, నిర్వాహకులిచ్చే తాడు మీద, ఆకుపచ్చ కూడా రాదు. వాళ్ళ తాడు మరీ బిరుసని అతని ఫిర్యాదు.

నిరుడు రాయ్స్ నీలం దాటేశాడు. ఆనాటి నుంచి ఫోను చేస్తే "ఆకుపచ్చ బావా" అనే పిలుపు. క్రిస్మస్‌కి ఆకుపచ్చ మేజోళ్ళు కూడా పంపాడు.

"వేసుకున్నావా?" అంది ఆర్డిత్.

"వెచ్చగా ఉన్నాయి," అన్నాడు వెండెల్ ముభావంగా.

జానెడు సంగతి తర్వాత చూద్దాం, ముందు చెయ్యి చాపమంది ఆమె. వేళ్ళ కణుపులు కొలిచింది. గ్లవుజు వేయించి మళ్ళీ కొలిచింది. మూడు రకాల హ్యాండిళ్ళు ముందు పెడితే వెండెల్ అన్నిటికన్నా లావుది తీసుకున్నాడు. అది అతని పిడికిట్లో ఇమడడం లేదనీ, అందుకే సగం దూరం పోకముందే మణికట్టు లాగేస్తోందనీ చెప్పి, సన్నది అతని చేతిలో పెట్టింది. సన్నది ఆడవాళ్ళు పట్టుకునేదని గొణిగాడు.

"నిజమే. అది పట్టుకునే నేను నీలం దాటాను. నువ్వప్పుడు ఒడ్డున కూర్చుని ఉడకేసిన వేరుశెనక్కాయలు తింటున్నావు."

వెండెల్ సన్నదానికే ఒప్పుకున్నాడు.

"ఈ జానెడు సంగతి జూనెల్‌కి తెలుసా?" అంది ఆర్డిత్, రబ్బరు తొడుగు చూస్తున్నట్టుగా తల వంచుకుని.

అతని మొహంలో రంగు తగ్గింది. జూనెల్ అతని భార్య. పడవలో వెనక్కి తిరిగి కూర్చుని, అతను చుట్టిన బంతులు లెక్కపెట్టి అరిచి చెప్పేది ఆమే. ముప్ఫై ఒక్కేళ్ళ కాపురంలో భర్తకి అర బంతి కూడా దానం చేయలేదని ఊరంతా చెప్పుకుంటారు. అతని అరవయ్యో పుట్టినరోజున, చుట్టాలందరూ ఒడ్డున నిలబడి చప్పట్లు కొడుతుంటే, "అయిదున్నర" అని అరిచిన మనిషి.

"ఆమెకి తెలిస్తే నా మొహం చూడదు. నీకు పుణ్యముంటుంది, చెప్పకు," అన్నాడు వెండెల్. "ఈ సరస్సు చుట్టుపక్కల అబద్ధమాడని మనిషంటూ ఉంటే మా జూనెలే."

ఆర్డిత్‌కి దగ్గొచ్చింది. చల్లటి టీ ఒక గుక్క తాగి, నచ్చజెప్పి చూసింది. రూలు ప్రకారమే తాడు చేస్తాననీ, ఈ సన్న హ్యాండిల్‌తో ఈ వేసవి కాకపోతే వచ్చే వేసవికి నీలం వస్తుందనీ, అప్పుడది అచ్చంగా అతనిదేననీ చెప్పింది.

వెండెల్ కిటికీలోంచి బయట నీళ్ళ వైపు చూశాడు.

"నాకు అరవై రెండు. ఈ మోకాలు వచ్చే వేసవి దాకా నా మాట వింటుందో లేదో తెలీదు. రాయ్స్ సంగతి వదిలెయ్, వాడు ఏమని పిలిచినా పలుకుతాను. జూనెల్ నోట ఒక్కసారి 'నీలం, ఆరు' అని వినాలి, ఆర్డిత్. ఆకుపచ్చ వచ్చిన రోజు అలాగే అరిచింది. వాళ్ళూ వీళ్ళూ అంటే నేను నమ్మను. ఆమె అందంటే అది వచ్చినట్టే."

ఆర్డిత్ అలమారులోంచి కొలతల పుస్తకం తీసి, ఆరేళ్ళ కిందటి పేజీ దాకా తిప్పింది. కొత్త కొలతలేవీ అక్కర్లేదనీ, అప్పటి పుట్టినరోజుకని జూనెల్ చేయించి ఇచ్చిన పాత తాడు తనకి అచ్చొచ్చిందనీ, దానికే జానెడు కలిపితే చాలనీ చెప్పాడు వెండెల్.

ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి, అతని వైపు జాలిగా చూసింది.

"సరే, కలుపుతాను. మరి ఆ పాత తాడుకి అప్పట్లో జూనెల్ కలిపించిన జానెడు అలాగే ఉంచనా, తీసెయ్యనా?"