పెరిగే కొలతలు

చీరాల దర్జీలందరికీ వెబ్‌సైట్లున్నాయి. అన్నిటిలోనూ మాట్లాడే ఏఐ ప్లగిన్ ఒకటి ఉంది. అదే బుకింగులు తీసుకుంటుంది, అదే బేరాలాడుతుంది. ఒక్కసారి కొలతలిస్తే చాలు, పిల్లల ఎదుగుదలను తనే లెక్కగట్టి ఏటేటా కొత్త కొలతలు చెబుతుంది. పిల్లల్ని దుకాణానికి తీసుకొచ్చేవాళ్లే లేరిప్పుడు. టేపు మేకుకు ఊరికే వేలాడుతూ ఉంటుంది.

దర్జీ భాగ్యలత తన దుకాణానికి దాన్ని పెట్టించుకున్న రోజు, పనిచేస్తుందో లేదో చూడ్డానికి ఒళ్లో ఆడుకుంటున్న కూతురు మృదుల కొలతలే ఇచ్చింది. ఆ వానాకాలమే మృదుల జ్వరంతో పోయింది. పేరు తీసెయ్యడానికి మాత్రం భాగ్యలతకు చేతులు రాలేదు.

ప్రతి పుట్టినరోజుకీ ప్లగిన్ "మృదుల గౌను కొంచెం పొడుగు పెంచాలండీ" అనేది. ఆమె వినీ విననట్టు కుట్టుకుంటూ పోయేది.

ఈ ఉదయం మాత్రం ప్లగిన్, "మృదులకి ఇంక గౌన్లు బాగోవండీ. లంగా ఓణీ కొలతలు చెప్పమంటారా?" అంది.

మిషను ఆగిపోయింది.

ఇస్త్రీ చేస్తున్న భర్త నాగేశు, "దాన్ని తీసి పారెయ్యవే, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.

భాగ్యలత లేచింది. బీరువాలోంచి తన పెళ్లి పట్టుచీర తెచ్చి బల్ల మీద పరిచింది. సుద్దముక్కతో గీత గీసి కత్తెర అందుకుంది.

"మడతలో గుడ్డ కాస్త ఎక్కువే వదులుతున్నానయ్యా," అంది. "ఎదిగే పిల్ల."